పసుపు నూలు మీద ఒట్టు

కుళాయి నీళ్ళు ఆగిపోయేలోగా బిందెలు నింపాలి. మగ్గం గుంతలో నిన్న రాలిన నూలు పీచు ఊడ్చాలి. మధ్యాహ్నానికి మొగుడికి జొన్నరొట్టెలు కాల్చి, పక్కన శెనక్కాయల పొడి పెట్టి, పిల్లి ముట్టకుండా మూత మీద రాయి పెట్టాలి. ఆయన బీపీ మాత్ర ఆయనకు కనబడేచోట, అంటే గడ్డం గీసుకునే అద్దం ముందర పెట్టాలి. పోయిన ఏటి ఆసుపత్రి కాగితాలు సంచిలో వేసుకోవాలి. కూతుర్ని లేపాలి. కర్నూలు బస్సు పట్టుకోవాలి. ఇవన్నీ చేస్తూ నోట్లో చుక్క నీళ్ళు కూడా పోసుకోకూడదు. అన్నిటికన్నా కష్టమైన పని అదే.

కోడుమూరు మగ్గాల వీధిలో సుబ్బక్క కాఫీ సంగతి అందరికీ తెలుసు. లేవగానే లోటా నిండా కాఫీ పడనిదే ఆమె ఎవరితోనూ మాట్లాడదు, పడినాక ఎవర్నీ మాట్లాడనివ్వదు. అలాంటి మనిషి ఆ పొద్దు ఎండిన నాలుకతో రొట్టెలు తడుతూ ఉంటే, ఆమె మొగుడు ఆదెన్న లోటా పట్టుకొని వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. అందులోంచి పొగ లేస్తోంది.

"తాగు సుబ్బీ. సల్లారిపోతాది."

ఇన్నేళ్ళ కాపురంలో ఆయన పొయ్యి వెలిగించగా సుబ్బక్క చూడలేదు. "నువ్వు పెట్టినావా?" అంది.

"ఏం, నాకు చేతుల్లేవా?"

"ఉండాయిలే. ఇన్నేండ్లు యాడ దాచిపెట్టినావో అని అడుగుతాండా."

"ఎగతాళి మల్లా చేద్దువు. ఒక్క గుక్క తాగు. ఒక్క గుక్కకు ఏమైతాది?"

లోపల గదిలో జడ వేసుకుంటున్న శివలీల దువ్వెన పట్టుకొనే బయటికి వచ్చింది. ఆ యింట్లో డిగ్రీ దాకా చదివింది ఆ పిల్లే. ఇప్పుడు సచివాలయంలో ఉద్యోగం. ఆ రోజు అమ్మ కోసం సెలవు పెట్టింది.

"నాయనా! ఒక్క గుక్క లోపలికి పోయినా ఈ పొద్దు పైపు వేయరు. పోయినసారి డాక్టరమ్మ చెప్పినప్పుడు నువ్వు పక్కనే ఉంటివి కదా. తెలిసే ఇస్తాండావా?"

ఆదెన్న గోడ వైపు చూశాడు. సుబ్బక్క ఆయన మొహం వైపు చూసింది. కాఫీ ఎందుకు వచ్చిందో ఆమెకు అర్థమైంది. లోటా అందుకొని కూతురి చేతికిచ్చింది. "నువ్వు తాగు. మీ నాయన జన్మకొకసారి పెట్టినాడు, పారబోయరాదు."

శివలీల ఒక గుక్క తాగి మొహం ముడుచుకుంది. "పాలు కాగనే లేదు నాయనా."

పోయిన ఏడు సుబ్బక్కకు కడుపులో మంట ఎక్కువైంది. అంతకు ముందు ఏళ్ళతరబడి అది "గ్యాసు"గానే నడిచింది. మందుల షాపులో అడిగి తెచ్చుకున్న మాత్రలతో సర్దుకుంటూ వచ్చింది. చివరికి శివలీల పట్టుబట్టి కర్నూలు తీసుకుపోయింది. గొంతులోంచి పైపు వేసి చూస్తే కడుపు లోపలి పొర మీద చిన్నచిన్న గడ్డలు కనబడ్డాయి. ఒకటీ అరా కాదు, శానా ఉన్నాయి. పెద్దదాన్ని అక్కడే తీసేసి, మిగిలినవాటి ముక్కలు కూడా పరీక్షకు పంపారు. కాన్సర్ కాదని వచ్చింది.

"భయపడవద్దమ్మా," అంది డాక్టరమ్మ. "కడుపులో ఒక క్రిమి చేరి, లోపలి పొర చాలా ఏళ్ళుగా వాచి ఉంది. ఆ వాపు మీద పుట్టిన గడ్డలివి. మామూలు గడ్డలే. కాన్సర్‌గా మారే అవకాశం తక్కువ. తక్కువ అన్నాను, లేదనలేదు. ఇన్ని గడ్డలు లేచిన కడుపులో వాటినే కాదు, చుట్టూ ఉన్న పొరను కూడా కనిపెట్టి ఉండాలి. క్రిమికి మందులిస్తాను, పూర్తిగా వాడు. ఏడాదికి మళ్ళీ వచ్చి చూపించుకో."

ఆ మాట వీధిలోకి వచ్చేసరికి రెండు ముక్కలైంది. సగం మంది సుబ్బక్కకు కాన్సర్ అన్నారు. ఒక సీమంతంలో అందరికీ స్టీలు గ్లాసులిచ్చి, ఈమెకు మాత్రం కాగితం గ్లాసులో నీళ్ళిచ్చారు. మిగతా సగం మంది, ఏమీ లేదని డాక్టరే చెప్పినాక మళ్ళీ పోవడం దుడ్లకు పట్టిన రోగం అన్నారు. సుబ్బక్క కాగితం గ్లాసును అక్కడే నలిపి పారేసి, వంటవాళ్ళ దగ్గరికి పోయి చెంబు ఎత్తి తాగింది. రెండో రకం వాళ్ళకు జవాబు చెప్పడమే ఆమెకు కష్టంగా ఉండేది. ఎందుకంటే వాళ్ళలో ముందున్నవాడు ఆదెన్న.

రొట్టెల మీద మూత పెడుతుండగా వాకిట్లో చెప్పుల చప్పుడైంది. కుల పెద్ద బొజ్జన్న బేతంచెర్ల బండల అరుగెక్కి వస్తున్నాడు. వెనకే ఆదెన్న అక్క కృష్ణవేణమ్మ ఇత్తడి తట్ట పట్టుకొని ఉంది. తట్టలో పసుపు నీళ్ళలో ముంచి ఆరబెట్టిన నూలు చిలప, ఇంకా విప్పని దారపు కట్ట.

ఆ తట్ట ఏమిటో ఆ వీధిలో పసిపిల్లలకు కూడా తెలుసు. ఏటా చౌడమ్మ జాతరకు అమ్మవారికి కట్టే చీర ఆ వీధిలోనే నేస్తారు. ఒక్కో ఏడు ఒక్కో యింటి వంతు. పడుగు పోసే ముందు, నేసే ఆడమనిషి పసుపు నూలు మీద చేయి పెట్టి, "నా ఒంట్లో నలత లేదు, నా మనసులో మరక లేదు" అని ఒట్టు వేయాలి. ఆ మాట విన్నాకే చిలప విప్పుతారు. ఈ యింటికి ఆ వంతు మళ్ళీ వచ్చి ఎన్ని ఏళ్ళయిందో! పోయినసారి నేసింది ఆదెన్న తల్లి. అప్పుడు ఆదెన్న మగ్గం కింద పాకే పిల్లవాడు.

"కాళ్ళు కడుక్కొని రామ్మా," అన్నాడు బొజ్జన్న. "మంచి గడియ దాటిపోతాది."

"ఈ పొద్దు వస్తామని నాకు చెప్పనే లేదే మామా!"

"ఆదెన్నకు చెప్తిమి కదా. పైపూ గీపూ ఇంగ లేదు, అంతా బాగైపోయింది, మా సుబ్బి యాడికీ పోదు అని వాడే చెప్పె."

సుబ్బక్క మొగుడి వైపు తిరిగింది. ఆయన భుజం మీది తువ్వాలు తీసి దులిపి, మళ్ళీ అదే భుజం మీద వేసుకున్నాడు.

"మామా," అంది సుబ్బక్క నెమ్మదిగా. "నా ఒంట్లో నలత లేదని చెప్పల్ల. అంతే కదా?"

"అంతే తల్లీ. ఒక్క మాట."

"అది నాకు తెలీదు. కడుపులోకి నేను తొంగి చూసుకోలేను కదా? చూసేవాళ్ళ కాడికే పోతాండా. సాయంత్రం బస్సు దిగుతానే మీ యింటికే వస్తా. తెలిసింది తెలిసినట్టు చెప్తా."

కృష్ణవేణమ్మ తట్టను ఒక చేతి నుంచి ఇంకో చేతికి మార్చుకుంది. "ఏమే, నీ కత ఏంది నాకు అర్థం కాదు. కాన్సర్ కాదంటావు. మల్లా కర్నూలు పోవల్లంటావు. ఏదే నిజం?"

"రెండూ నిజమే వదినా."

"రెండెట్ల నిజమైతాయి?"

"నువ్వూ నేసేదానివే కదా వదినా. మా శివలీల నాకు అర్థమయ్యేట్టు చెప్పింది, నేను నీకు చెప్తా. పడుగులో ముడి కనబడితే పడుగంతా కోసి పారేస్తామా? పారేయం. వందలో తొంభై ముళ్ళు అచ్చు పండ్లలోంచి గమ్మున దూరిపోతాయి. అట్లని ముళ్ళు శానా ఉండే పడుగు మీద కండ్లు మూసుకొని నేస్తామా? అన్ని ముళ్ళు పడినాయంటే ఆ నూలే మెత్తబడిందని కదా లెక్క? యాడ తెగుతాదో అని వేలితో తడుముకుంటా నేస్తాం. నేను చేసేది అదే. నూలు తెగలేదు. తెగుతాదని ఏడుస్తా కూర్చోను. తెగదులే అని కండ్లు మూసుకోను."

"మాటలు బాగా నేర్చినావు," అంది కృష్ణవేణమ్మ. "బిడ్డ సదువు తల్లికి అబ్బింది."

"అబ్బనీ అత్తా, మంచిదే కదా," అంది శివలీల.

బొజ్జన్న గొంతు గట్టిపడింది. "చూడమ్మా. ఇది నా యింటి చీర కాదు, అమ్మ చీర. ఒట్టేసే నోరు తడబడితే ఈ యింట పడుగు దిగదు. ఉంటావా, పోతావా?"

"చెప్పు సుబ్బీ!" ఆదెన్న రెండడుగులు ముందుకొచ్చాడు. "లేదని చెప్పు. డాక్టరు లేదనే కదా చెప్పింది? మా యమ్మ కూచున్న గుంత అది. అమ్మ చీర మల్లా ఆ మగ్గం మీద చూడాలని ఎన్నేండ్ల నుంచి అనుకుంటాండా! ఒక్క మాట!"

ఆ గుంతలో సుబ్బక్క కూడా కాళ్ళు పెట్టి కూర్చుంది, పెళ్ళైన మూడో నాటి నుంచి. అత్తే ఆమెకు అంచు వేయడం నేర్పింది. అమ్మవారి చీర నేయాలని ఆమెకు మాత్రం లేదా? తట్టలో నూలు పొద్దుటి ఎండకు మెరుస్తోంది. చేయి చాపితే అందే దూరంలోనే ఉంది.

ఆమె చేయి చాపలేదు.

"ఆ ఒట్టు ఈ పొద్దు వేసినానంటే, దాన్ని నిలబెట్టుకోడానికి నేనింగ ఏ ఆసుపత్రికీ పోరాదు. నలత లేదని చెప్పిన నోటితో నలత చూపించుకోడానికి ఎట్ల పోతా? కడుపులో ఏం జరిగినా మూసుకొని కూర్చోవల్ల. అమ్మకు చీర, నాకు పాడె. అమ్మ అట్లాంటి చీర అడగదు మామా. అడిగితే ఆమె అమ్మే కాదు." కొంగు నడుముకు చుట్టుకుంది. "వంతు వదినకియ్యి. ఆమె ఒంట్లో ఏ నలతా లేదు కదా."

కృష్ణవేణమ్మ చేయి నూలు మీదికి పోయి, తాకే ముందు ఒక్క క్షణం ఆగింది. మళ్ళీ గబుక్కున ఆనించి, ఎవరో తరుముతున్నట్టు ఒట్టు ముగించేసింది.

వాళ్ళు పోయాక ఆదెన్న అరుగు మీద కూలబడ్డాడు. సుబ్బక్క సంచి తీసుకుంది. "నా పేరు చెప్పి వాళ్ళకు మాటిస్తివి. నన్ను అడగకుండా మాటిస్తివి. కాఫీ ఇచ్చి మోసం చేయాలని చూస్తివి. ఒక చీర కోసమా? నాకంటే నీకు ఆ చీర ఎక్కువా?"

"చీర కోసం కాదే!" ఆదెన్న అరిచాడు. ఆ గొంతు ఎప్పుడూ అంత పైకి లేవగా ఆమె వినలేదు. "ఏడాది నుంచి నీ నాడెకు దారం తీస్తాండేది ఎవరు? నువ్వు ఒక్క పోగు చీకకుండా కొక్కెం పెట్టి తీస్తాండేది ఎవరు?"

సుబ్బక్క నిలబడిపోయింది.

పేక దారాన్ని అటూ ఇటూ దాటించే నాడెలో కొత్త దారపు కండె వేసిన ప్రతిసారీ, దాని కంట్లోంచి దారం బయటికి రావడానికి నేతగాళ్ళు నోరు పెట్టి చీకుతారు. అందరూ చేసే పనే. పోయిన ఏడు కర్నూలు నుంచి వచ్చిన మర్నాడు ఆదెన్న సన్న తీగ వంచి ఒక కొక్కెం చేశాడు. అప్పటి నుంచి ఆమె మగ్గం దగ్గర కండె అయిపోయిందంటే, తన మగ్గం ఆపి, గుంతలోంచి లేచి వచ్చి, కొక్కెంతో దారం తీసి నాడె ఆమె చేతిలో పెట్టి పోయేవాడు. రోజంతా అదే పని. ఆయన నేత సగానికి పడిపోయింది. ఎందుకయ్యా అంటే, "నీ పండ్లు అరిగిపోతాయి" అనేవాడు.

"ఇన్నేండ్లు నాడె చీకి చీకి పీచంతా కడుపులో చేరి గడ్డ కట్టింది. నాకు తెలుసు. ఆపినాను కదా? ఒక్క పోగు కూడా పోనీలేదు కదా? ఇంగ యాడ నుంచి వస్తాయి గడ్డలు?" ఆదెన్న తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "పైపు వేసి చూసి, ఇంగా ఉండాయి అంటే? ఏడాదంతా నేను చేసిందేమీ పనికి రాలేదు అంటే? ఇంగ ఏం చేయల్లో నాకు తెలీదే సుబ్బీ! నా చేతిలో ఆ కొక్కెం తప్ప ఇంగేమీ లేదే!"

సుబ్బక్క మొగుడి ఎదురుగా వచ్చి నిలబడింది. కళ్ళు నిండాయి. కానీ ఏడిస్తే బస్సు పోతుంది.

"పిచ్చి మనిషీ," అంది. "ఆ మాట ఏడాది కిందటే అడిగింటే డాక్టరమ్మ చెప్పేది కదా. పొద్దైతాంది. రొట్టెలు మూత కింద ఉండాయి."

తల్లీకూతుళ్ళు వీధి మలుపు దాటారు. బస్టాండుకు చేరేసరికి బస్సు నిండిపోయింది. కడ్డీ పట్టుకొని నిలబడక తప్పదనుకుంటూ ఎక్కితే, మూడో వరుస కిటికీ సీటు మీద తెలిసిన తువ్వాలు పరిచి ఉంది. దాని పక్కన ఆదెన్న. అడ్డదారిలో పరుగెత్తి వచ్చి, కిటికీలోంచి తువ్వాలు విసిరి పట్టిన సీటు. ఇంకా రొప్పుతున్నాడు.

"కూర్చో," అన్నాడు ఆమె వైపు చూడకుండా.

"బీపీ మాత్ర వేసుకుంటివా?"

"జేబులో ఉండాది."

"జేబుకు బీపీ లేదులే. వేసుకో."

ఆసుపత్రిలో సుబ్బక్కను పక్కకు తిప్పి పడుకోబెట్టి పైపు వేశారు. కడుపు లోపలి నుంచి కక్కు తన్నుకొచ్చింది, కళ్ళ వెంట నీళ్ళు కారాయి. ఆమె మంచం కడ్డీని పట్టుకొని, మనసులో పడుగు పోగులు లెక్కబెట్టుకుంది. బయటికి వచ్చాక డాక్టరమ్మ ముగ్గుర్నీ కూర్చోబెట్టి చెప్పింది: క్రిమి పోయింది, వాపు తగ్గింది, గడ్డలు కొన్ని కరిగిపోయాయి, ఉన్నవి చిన్నబడ్డాయి. ఒకటి మాత్రం పెరిగింది. దాన్ని తీసి పరీక్షకు పంపుతున్నాం.

ఆదెన్న చేతులు జోడించాడు. "అమ్మా, ఒక మాట. మేము నేతవాళ్ళం. నాడె నోటితో చీకుతాం. ఆ పీచు వల్లనే కదమ్మా గడ్డలు? నేను ఏడాది నుంచి చీకనీలేదు. అందుకే కదా తగ్గినాయి?"

డాక్టరమ్మ నవ్వలేదు. కాసేపు ఆయన చేతుల వైపు చూసింది. "కాదు పెద్దాయనా. పీచు వల్ల రాలేదు. తగ్గింది మందుల వల్ల, ఆమె మానకుండా వాడినందువల్ల. కానీ ఆ కొక్కెం మానొద్దు. పీచు, రంగులు నోట్లోకి పోవడం మంచిది కాదు. మీరూ చీకకండి." మళ్ళీ సుబ్బక్కను చూపిస్తూ అంది, "మీరు పట్టుకోవలసింది ఇంకొకటుంది. ఏడాదికోసారి ఈమెను ఇక్కడికి తీసుకొచ్చే బస్సు."

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో ఆదెన్న ఒకే ఒక్క మాటన్నాడు. "అయితే నాది కాదన్నమాట, తగ్గించింది."

"నాకు తగ్గిందంటాండాది కదా, నీకేం బాధ?" అంది సుబ్బక్క. ఆయన చేయి తీసుకుని తన ఒడిలో పెట్టుకుంది. తీగ గుచ్చుకొని గుచ్చుకొని బొటనవేలు కాయ కాసింది. ఇన్నాళ్ళూ ఆ వేలు తను చూడనే లేదు.

తీసిన గడ్డ కూడా మామూలుదేనని తర్వాత వారం కబురొచ్చింది. బొజ్జన్న వీధిలో ఎదురుపడి, "చూస్తివా తల్లీ, ఏమీ లేదు. ఉత్త పుణ్యానికి అమ్మ చీర పోగొట్టుకుంటివి," అన్నాడు.

"ఏమీ లేదని తెలుసుకోడానికే పోతి మామా. వచ్చే ఏడూ పోతా. అవునన్నా పోతా, కాదన్నా పోతా."

జాతర దగ్గర పడింది. ఒక మిట్టమధ్యాహ్నం, వీధంతా కునుకు తీసే వేళ, కృష్ణవేణమ్మ వచ్చి గడప దగ్గర నిలబడింది. మొహం పాలిపోయి ఉంది.

"ఆ పైపు..." అంది. "శానా నొప్పా?"

సుబ్బక్క నాడె కింద పెట్టింది. "ఎవరికి వదినా?"

"రెండేండ్ల నుంచి మంట. గ్యాసు మాత్రలు షీట్లు షీట్లు మింగుతాండా. నిన్నటి నుంచి నల్లగా పోతాండాది, తారు మాదిరి. పసుపు నూలు మీద చేయి పెట్టి అబద్ధం ఆడితినే. అమ్మే పట్టుకునింది నన్ను." కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "చీర కొంగు దాకా వచ్చింది. జాతర అయినాక పోదామని..."

ఆ రోజు వాకిట్లో వదిన అడిగిన ప్రశ్నను సుబ్బక్క మర్చిపోలేదు. ఏదే నిజం? తిరిగి అడగడానికి అంతకన్నా మంచి సమయం రాదు. నోటిదాకా వచ్చిన దాన్ని మింగేసింది.

"అమ్మ నిన్ను పట్టుకోడానికి పోలీసా?" అంది చివరికి. "జాతర గీతర లేదు. నలుపు పడిందంటే లోపల రక్తం పోతాన్నట్టు. శివలీలా! అత్తను ఇప్పుడే కర్నూలు తీసుకపో. ఏమయ్యా, ఆటో పిలువు!"

"చీర?"

"చీర నేను చూసుకుంటా. నువ్వు నడువు."

ఆటో వీధి దాటగానే సుబ్బక్క ఎదురుగా ఉన్న వదిన యింటికి పోయి ఆమె మగ్గం గుంతలోకి దిగింది. కృష్ణవేణమ్మ వదిలిన పేక కొసకు తన కొస కలిపి ముడి వేసింది. ఆదెన్న పక్కన పీట వేసుకుని, కొక్కెంతో దారం తీసి నాడె అందించాడు. కబురు తెలిసి బొజ్జన్న ఊగిపోతూ వచ్చాడు.

"ఒట్టు వేసింది ఆమె! నేసేది నువ్వు! ఇది చెల్లదు!"

సుబ్బక్క నాడె ఆపలేదు. "ఒట్టు ఇప్పుడు వేస్తా, విను మామా. నా ఒంట్లో గడ్డలుండాయి. చూపించుకుంటాండా. మనసులో మరక లేదు. ఇది చాలకుంటే అమ్మనే అడుగు, కట్టుకుంటావా లేదా అని. ఆమె వద్దంటే విప్పేస్తాం."

"అడుగు మామా," అన్నాడు ఆదెన్న, లేచి నిలబడి. "మా యింటి ఆడదాని నోట ఇంగ అబద్ధం చెప్పించం."

బొజ్జన్న అటూ ఇటూ చూశాడు. వీధిలో ఆడవాళ్ళందరూ వాకిళ్ళలోకి వచ్చి నిలబడి ఉన్నారు. వాళ్ళలో ఇద్దరు ముగ్గురు కడుపు మీద చేయి వేసుకొని ఉన్నారు. ఆయన వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు.

కృష్ణవేణమ్మకు కడుపులో పుండు. మానుతుందని చెప్పి మందులిచ్చారు. జాతర నాడు ఆమె సుబ్బక్క భుజం పట్టుకొని గుడికి వచ్చింది. చౌడమ్మ ఆ చీరలోనే, జ్యోతుల వెలుగులో, అందరి మొక్కులూ అందుకుంది.

ఆ చీర కొంగులో, లోపలి వైపు, ఒక చిన్న ముడి ఉంది. ఒక చేయి ఆగిన చోట ఇంకో చేయి అందుకున్న ముడి అది. మీరు ఎప్పుడైనా నేత చీర మడత పెడుతుంటే అలాంటి ముడి వేలికి తగలవచ్చు. అది లోపం అనుకోకండి. ముడి పడినా తెగనివ్వకుండా, తడిమి చూసుకుంటూ, తలవంచకుండా నేసిన సుబ్బక్కను ఒక్కసారి గుర్తు చేసుకోండి. మీ యింట్లో ఎవరైనా ఏళ్ళతరబడి "ఏమీ లేదులే, గ్యాసు" అంటూ ఉంటే, వాళ్ళను చూసినప్పుడు కూడా.